డేటా సేవర్‌ని తీసేయాలా? మా బ్రౌజర్‌లో ఆ నిర్ణయం జరిగిన తీరు

మధురవాడలో ఉన్న మా చిన్న టీమ్ ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం ఒక బ్రౌజర్ తయారు చేస్తుంది. లోపలి ఇంజన్ క్రోమియందే, అంటే గూగుల్ క్రోమ్‌కి ఆధారమైన ఓపెన్ సోర్స్ కోడ్‌దే. పైన కనిపించే తెలుగు మెనూలు, తేలికైన హోమ్ పేజీ, తెలుగులో వెతకడానికి అనువుగా ఉండే అడ్రస్ బార్ మాత్రం మేం చేసినవి. వాడేవాళ్లలో ఎక్కువమంది విశాఖ, అనకాపల్లి, విజయనగరం, శ్రీకాకుళం వైపు వాళ్లే. ఈ బ్రౌజర్ సెట్టింగులన్నిటిలోకీ ఎక్కువమంది ఆన్‌లో ఉంచుకున్నది డేటా సేవర్, అంటే నెట్ తక్కువ ఖర్చయ్యేలా చూసే స్విచ్. దాన్ని ఉంచాలా, తీసేయాలా అన్నది తేల్చే బాధ్యత ప్రోడక్ట్ మేనేజర్‌గా నాకు వచ్చింది. చివరికి కొంత తీసేశాం, కొంత ఉంచాం. ఆ గీత ఎక్కడ గీశామో, ఎందుకు గీశామో రాస్తున్నాను. జనం ఇష్టపడే ఫీచర్‌ని తీయాల్సిన పరిస్థితి వచ్చిన ఇంజనీర్లకి, డిజైనర్లకి పనికొస్తుందని నా నమ్మకం.

ఒకే స్విచ్, వెనక నాలుగు పనులు

ముందుగా మేం చేసిన పని, కోడ్ తెరిచి ఆ స్విచ్ వెనక నిజంగా ఏం జరుగుతోందో రాసుకోవడం. అందరికీ తెలిసిన విషయమే కదా అనిపించినా, రాసి చూస్తే నాలుగు వేర్వేరు పనులు తేలాయి.

ఒకటి, ప్రాక్సీ. స్విచ్ ఆన్‌లో ఉంటే ఫోన్ నేరుగా వెబ్‌సైట్‌ని అడగదు, మా సర్వర్‌ని అడుగుతుంది. సర్వర్ ఆ పేజీని తెచ్చి, బొమ్మల్ని తక్కువ సైజులో ఉండే వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చి, అక్షరాల భాగాన్ని కుదించి ఫోన్‌కి పంపుతుంది. రెండు, బొమ్మల స్థానంలో ఖాళీ గడి చూపించి, నొక్కితేనే బొమ్మ తేవడం. మూడు, వీడియోలు వాటంతట అవే మొదలవకుండా ఆపడం. నాలుగు, ప్రతి అభ్యర్థనతో పాటు 'సేవ్-డేటా' అనే హెడర్, అంటే డేటా తక్కువ వాడమని సైట్‌కి చెప్పే చిన్న గమనిక పంపడం. ఆ హెడర్ చూసి తేలికైన పేజీ ఇచ్చే వెబ్‌సైట్లు కొన్ని ఉన్నాయి. వీటికి తోడు మెనూలో పైనే ఒక మీటర్ ఉండేది. ఇన్‌స్టాల్ చేసిన రోజు నుంచి ఇప్పటిదాకా ఎంత డేటా మిగిలిందో చూపించే అంకె అది.

ఈ విడదీయడం లేకపోతే తర్వాతి చర్చంతా గాల్లో జరిగేది. "డేటా సేవర్ తీసేద్దాం" అన్నవాళ్ల మనసులో ఉన్నది ప్రాక్సీ. "తీయొద్దు" అన్నవాళ్ల మనసులో ఉన్నది బొమ్మలు ఆపడం. ఇద్దరూ వేర్వేరు వస్తువుల గురించి వాదించుకుంటున్నారు.

ప్రాక్సీకి కాలం చెల్లిన తీరు

ఒకప్పుడు ప్రాక్సీ నిజంగా మేలు చేసింది. ఒపెరా మినీ 2006 నుంచే పేజీ మొత్తాన్ని తన సర్వర్లో తయారు చేసి, బాగా కుదించి చిన్న ఫోన్లకి కూడా అందించేది. క్రోమ్ 2014 జనవరిలో మొబైల్‌లో ఇలాంటి కుదింపు సదుపాయాన్ని తెచ్చింది. డేటా వాడకం సగం దాకా తగ్గొచ్చని అప్పట్లో గూగుల్ చెప్పింది. ఒక జీబీకి రెండొందల పైచిలుకు పోసి ప్యాక్ వేయించుకున్న రోజులవి. సగం మిగలడమంటే వంద నోటు జేబులో ఉన్నట్టే.

తర్వాత రెండు మార్పులు వచ్చాయి. మొదటిది హెచ్‌టీటీపీఎస్, అంటే పేజీని మధ్యలో ఎవరూ చదవలేకుండా ఎన్‌క్రిప్ట్ చేసి పంపే పద్ధతి. 2015 డిసెంబర్లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ, అందుకు కావాల్సిన సర్టిఫికెట్లు ఉచితంగా అందరికీ ఇవ్వడం మొదలుపెట్టింది. 2018 జులైలో క్రోమ్ 68, హెచ్‌టీటీపీ సైట్లన్నిటి పక్కనా 'సురక్షితం కాదు' అని చూపించడం మొదలుపెట్టింది. వెబ్‌సైట్లు వరసగా హెచ్‌టీటీపీఎస్‌కి మారిపోయాయి. అక్కడ ఫోన్‌కీ వెబ్‌సైట్‌కీ మధ్య ఉన్నవాళ్లకి లోపల ఏముందో కనిపించదు. కనిపించకూడదు కూడా, దాని ఉద్దేశమే అది. అంటే మా ప్రాక్సీ కుదించగలిగేది పాత హెచ్‌టీటీపీ పేజీల్ని మాత్రమే.

రెండోది ధరలు. 2016 సెప్టెంబర్ 5న జియో మొదలయ్యాక డేటా ధర ఎలా పడిందో అందరూ చూశారు. జీబీలు లెక్కపెట్టుకునే ప్యాక్‌ల బదులు రోజుకి ఇంత అని ఇచ్చే ప్లాన్లు వచ్చాయి. గూగుల్ కూడా 2022 మార్చి 29న క్రోమ్ 100తో తన కుదింపు సదుపాయాన్ని (అప్పటికి దాని పేరు లైట్ మోడ్) ఆపేసింది. చాలా దేశాల్లో మొబైల్ డేటా ఖర్చు తగ్గడం అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి.

ప్రాక్సీని బతికించడానికి ఒక దారి ఉంది. ఎన్‌క్రిప్షన్‌ని మా సర్వర్లోనే విప్పి, కుదించి, మళ్లీ పంపడం. మొదటి మీటింగ్‌లోనే దాన్ని పక్కన పెట్టాం. బ్యాంకు పాస్‌వర్డ్, ఆధార్ ఓటీపీ మా సర్వర్ గుండా వెళ్లే పరిస్థితి మాకొద్దు. దీని మీద రెండో అభిప్రాయం రాలేదు.

ప్రాక్సీని ఊరికే అలా ఉంచేస్తే నష్టమేంటి అని అడిగినవాళ్లున్నారు. నా దృష్టిలో అసలు కారణం ఇక్కడే ఉంది. 2021 సెప్టెంబర్లో వచ్చిన క్రోమ్ 94 నుంచి నాలుగు వారాలకో కొత్త వెర్షన్ రావడం మొదలైంది. అంతకుముందు ఆరు వారాలు ఉండేది. ప్రతిసారీ మా ప్రాక్సీ కోడ్‌ని క్రోమియం నెట్‌వర్క్ కోడ్‌తో మళ్లీ కలపాలి. బ్రౌజర్లో అన్నిటికంటే వేగంగా మారే భాగాల్లో అదొకటి. ఆ కలపడం ఆలస్యమైతే సెక్యూరిటీ ప్యాచ్‌లు కూడా ఆలస్యమవుతాయి. లోపం బయటపడి, దాని మందు క్రోమియంలో వచ్చేశాక, మా యూజర్ ఫోన్‌కి చేరని ప్రతి రోజూ ఆ మనిషికి ప్రమాదమే. ఆయనకి ఆ సంగతి తెలియదు, కనిపించదు. డేటా సేవర్ ఎంత మిగిల్చిందో మాత్రం మీటర్లో కనిపిస్తుంది. కనిపించే చిన్న లాభం కోసం కనిపించని పెద్ద నష్టం మోయించడం న్యాయం కాదని నేను గట్టిగా వాదించాను.

అయినా అంతమంది ఎందుకు ఆన్‌లో ఉంచారు?

ఈ ప్రశ్నకి డ్యాష్‌బోర్డులో జవాబు దొరకదు. 'ఆన్' అన్న గడిలో టిక్ ఉందని మాత్రమే అది చెబుతుంది. అందుకే మా పరిశోధకురాలు, నేను ఊళ్లోకి వెళ్లాం.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి చేపల వేట నిషేధం. ఆ రోజుల్లో ఫిషింగ్ హార్బర్లో బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, మనుషులు తీరిగ్గా మాట్లాడతారు. ఎండు చేపలు అమ్మే ఒకావిడ ఫోన్లో మా బ్రౌజర్ ఉంది, డేటా సేవర్ ఆన్‌లో ఉంది. ఎందుకు పెట్టుకున్నారమ్మా అని అడిగితే, "ఇది ఆపేత్తే నెట్టు బేగి అయిపోద్దంట బాబూ. ఫోన్ కొన్నకాడే ఎట్టేసి ఇచ్చినారు" అంది. ఆ మాట మాకు చాలాచోట్ల వినిపించింది. గాజువాకలో, కంచరపాలెంలో, ఆర్టీసీ కాంప్లెక్స్ పక్కన దుకాణాల్లో అడిగాం. మొబైల్ షాపు కుర్రాళ్లు కొత్త ఫోన్ సెట్ చేసి ఇచ్చేటప్పుడు దీన్ని ఆన్ చేసి ఇవ్వడం అలవాటుగా పెట్టుకున్నారు. 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో యూసీ బ్రౌజర్ ఉంది. అది పోయాక బదులుగా మాది వేసి ఇచ్చిన షాపులున్నాయి. అప్పటి నుంచీ ఇదే వరస. అంటే ఆ టిక్కుల్లో చాలా భాగం వాడేవాళ్లు ఎంచుకున్నవి కావు.

అక్కడితో ఆగి ఉంటే మా పని సులువయ్యేది. 'ఎవరూ కోరుకోలేదు, తీసేద్దాం' అని రాసేసేవాళ్లం. కానీ అదే హార్బర్లో ఒక బోటు డ్రైవర్ చెప్పింది వేరు. "బొమ్మలు రాకపోతేనే నాకు మంచిది. ఒడ్డుకి వచ్చేటప్పుడు సిగ్నల్ ఒక గీతే ఉంటది. అక్షరాలు కనపడితే సాలు." హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే చేపల జాడ సూచనలు, వాతావరణ హెచ్చరికలు ఆయన చూసుకుంటాడు. డేటా ఎంత మిగిలిందన్నది ఆయనకి పట్టదు. ఒక్క గీత సిగ్నల్లో పేజీ తెరుచుకోవాలి, అంతే.

అరకు వెళ్లే కిరండూల్ ప్యాసింజర్లో ఇదే మాట ఇంకో రకంగా విన్నాం. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కాక సొరంగం తర్వాత సొరంగం. రెంటికీ మధ్య కాసేపు సిగ్నల్ వస్తుంది, మళ్లీ పోతుంది. ఆ కాసేపట్లో అక్షరాలు దిగిపోతే సొరంగంలో చదువుకోవచ్చు. బొమ్మలు ముందు వరసలో నిలబడితే ఏదీ రాదు. పాడేరు నుంచి రోజూ తిరిగే ఒక టీచర్ తన స్నేహితులందరికీ ఇది తానే నేర్పానని చెప్పింది. పోటీ పరీక్షలకి చదివే కుర్రాళ్లయితే వీడియోలు వాటంతట అవి మొదలవకుండా ఉండడం కోసమే పెట్టుకున్నామన్నారు. లైబ్రరీలో ఫోన్ ఒక్కసారిగా అరిస్తే పరువు పోతుందట.

ఇంతమందిలో ప్రాక్సీ అవసరం ఉన్నవాళ్లు మాకు తారసపడలేదు. బొమ్మలు ఆపడం అవసరమైనవాళ్లు మాత్రం ఉన్నారు. సంఖ్యలో వాళ్లు తక్కువే, కానీ అవసరం గట్టిది.

పాత అనుభవాల నుంచి తీసుకున్నవి

మీటింగుల్లో మేం ఎక్కువసార్లు తలచుకున్నది క్రోమ్ 2016లో బ్యాక్‌స్పేస్‌తో వెనక పేజీకి వెళ్లడం తీసేసిన సంగతి. అప్పుడు క్రోమియం బృందం చెప్పిన లెక్క ప్రకారం పేజీ వీక్షణల్లో 0.04 శాతమే బ్యాక్‌స్పేస్‌తో వెనక్కి వెళ్లినవి. ఫారం నింపడం మొదలుపెట్టాక అలా వెళ్లినవి 0.005 శాతం. చూడ్డానికి చిన్న అంకెలే. కానీ అలా వెనక్కి పోయినప్పుడు నింపిన ఫారం మొత్తం పోతుంది, అందుకే తీసేశారు. అలవాటు పడ్డవాళ్లకి అదే పని చేసే ఎక్స్‌టెన్షన్‌ని గూగులే ఇచ్చింది. ఒకరి సౌకర్యాన్ని ఇంకొకరి నష్టంతో తూచి చూడడం నాకు అక్కడ నచ్చింది.

ఫైర్‌ఫాక్స్ 2018 డిసెంబర్లో వెర్షన్ 64తో లైవ్ బుక్‌మార్కుల్ని, ఫీడ్ (సైట్లలో కొత్తగా వచ్చినవాటి జాబితా) చదివే సదుపాయాన్ని తీసేసింది. అప్పుడు యూజర్ ఫీడ్లన్నిటినీ ఒక ఫైల్‌గా కంప్యూటర్ డెస్క్‌టాప్ మీద భద్రం చేసి ఇచ్చింది. ఆ ఫైల్‌ని ఏ ఇతర ఫీడ్ రీడర్లోనైనా పెట్టుకోవచ్చు. మనం తీసేస్తున్నప్పుడు మనిషి పోగేసుకున్నది ఆ మనిషి చేతిలో పెట్టడం మర్యాద.

క్రోమియంలో పేజీలని తెర మీద చూపించే భాగమైన బ్లింక్‌లో ఒక వెబ్ ఏపీఐని (వెబ్‌సైట్లు వాడుకునే సదుపాయాన్ని) తీయాలంటే ముందు ప్రకటించాలి, ముగ్గురు ఏపీఐ యజమానుల ఆమోదం తీసుకోవాలి, ఎన్ని పేజీలు దాన్ని వాడుతున్నాయో చూపించాలి. అది మంచి పద్ధతి. అయితే అక్కడ లెక్కపెట్టేది పేజీల్ని. మా సమస్యలో ఉన్నది మనుషులు. ఆ కొలతని మెనూలోని స్విచ్‌కి అంటగట్టకూడదని మా టీమ్‌లో అందరికంటే చిన్నవాడైన ఇంజనీర్ పట్టుబట్టాడు. వాడి మాటే నెగ్గింది.

పరీక్ష

సరేనన్న యూజర్ల ఫోన్లలో మాత్రమే పరీక్ష పెట్టాం. కొన్ని వారాలపాటు డేటా సేవర్లో ఏదో ఒక భాగం మారుతుందని ముందే చెప్పాం, ఏ భాగమో చెప్పలేదు. ఒక గుంపుకి ప్రాక్సీ ఒక్కటే ఆపాం. ఇంకో గుంపుకి ప్రాక్సీ ఉంచి, బొమ్మలు మామూలుగా వచ్చేలా చేశాం.

ప్రాక్సీ పోయినవాళ్లలో తేడా గమనించినట్టు ఎవరూ చెప్పలేదు. కొంతమందికి పాత పేజీలు ముందుకంటే త్వరగా తెరుచుకున్నాయి. కారణం సులువుగానే దొరికింది. మా ప్రాక్సీ ముంబై డేటా సెంటర్లో ఉంది. విశాఖలో ఫోన్, హైదరాబాద్‌లో వెబ్‌సైట్ ఉన్నా దారి ముంబై మీదుగా పోయేది. బొమ్మలు తిరిగొచ్చిన గుంపు నుంచి మాత్రం రెండో రోజు నుంచే ఫోన్లు మొదలయ్యాయి. 'నెట్ స్లో అయింది' అన్నారందరూ.

దాంతో నిర్ణయం దాదాపు తేలిపోయింది. ప్రాక్సీ తీసేయాలి. మిగతా మూడు పనులూ ఫోన్లోనే జరుగుతాయి, సర్వర్ అక్కర్లేదు, క్రోమియంతో కలపడమూ తేలికే. అవి ఉంచాలి. 'సేవ్-డేటా' హెడర్ ఒక్క లైను కోడ్, దాని గురించి ఎవరూ వాదించలేదు.

మీటర్

మా టీమ్‌లో నిజమైన గొడవ జరిగింది మీటర్ మీద. అది ఇన్‌స్టాల్ చేసిన రోజు నుంచి మొత్తం కూడుతూ వచ్చిన అంకె. హెచ్‌టీటీపీ రోజుల్లో పోగైనదే అందులో పెద్ద భాగం, ఈ మధ్య నెలల్లో చేరింది స్వల్పం. అయినా తెరిచి చూస్తే పెద్ద అంకె కనిపిస్తుంది. ఒక ఆటో డ్రైవర్ మాకు దాన్ని గర్వంగా చూపించాడు, బ్యాంకు పాస్‌బుక్ చూపించినట్టు.

మా డిజైనర్ దాన్ని ఉంచేద్దామంది. అబద్ధం కాదు కదా, నిజంగానే అంత మిగిలింది కదా అని. ఆ అంకె గతం గురించి నిజమే. కానీ చదివే మనిషి దాన్ని ఈ నెల గురించి అనుకుంటాడు, దాన్ని నమ్మి ఈ నెల రీఛార్జ్ ఎంచుకుంటాడు. చిన్న డేటా ప్యాక్ చాలులే అనుకుని, నెల మధ్యలో నెట్ ఆగిపోయి, ఆ రోజే ఏదో దరఖాస్తుకి చివరి తేదీ అయితే? ఆ నష్టం ఆయనది, మనది కాదు. జనానికి నచ్చుతుంది కదా అని అలాంటి అంకెని తెర మీద ఉంచకూడదని నా అభిప్రాయం. చాలా సేపు మాట్లాడుకున్నాక ఆవిడ ఒక మంచి దారి చూపించింది. ఒక నెలపాటు ఆ మొత్తాన్ని 'ఇప్పటిదాకా మీకు మిగిలిన డేటా' అని తేదీలతో సహా చూపించి, తర్వాత ఆ చోట ఈ నెలలో ఏ సైట్ ఎంత డేటా తీసుకుందో చూపించాలి. అది ఫోన్లో కొలిచిన అసలు లెక్క, అందులో అంచనా ఉండదు. అలాగే చేశాం.

బొమ్మలు ఆపితే వచ్చే చిక్కులు

బొమ్మలు ఆపడాన్ని విడి సెట్టింగ్‌గా నిలబెట్టాలంటే దాన్ని బాగు చేయాలి కూడా. ఇన్నాళ్లూ జనం సర్దుకుపోయిన ఇబ్బందులు ఇప్పుడు మా ముందుకొచ్చాయి. ముఖ్యమైనది క్యాప్చా, అంటే మనిషేనా అని తేల్చుకోవడానికి బొమ్మలోని అక్షరాలు టైప్ చేయమనే పరీక్ష. టికెట్ బుకింగ్‌లో, హాల్‌టికెట్ పేజీలో, ప్రభుత్వ పోర్టళ్లలో లాగిన్ దగ్గర ఒక చిన్న బొమ్మ వస్తుంది. అది ఖాళీ గడిగా కనిపిస్తే ఏం టైప్ చేయాలో తెలియదు. నొక్కితే వస్తుందని తెలిసినవాళ్లు నొక్కుతారు. తెలియనివాళ్లు సైట్ పనిచేయట్లేదని నెట్ సెంటర్‌కి వెళ్లి డబ్బులిచ్చి చేయించుకుంటారు. చెల్లింపు పేజీలో క్యూఆర్ కోడ్‌దీ ఇదే కథ.

మా పరిష్కారం పరిపూర్ణం కాదు గానీ పనిచేస్తోంది. ఫారం లోపల ఉన్న బొమ్మల్ని ఆపం. తక్కువ సైజు చతురస్రపు బొమ్మల్ని ఆపం. పేజీలోనే పొదిగి వచ్చే బొమ్మలకి విడిగా నెట్‌వర్క్ అభ్యర్థన ఉండదు కాబట్టి వాటిని ఆపినా ఒరిగేదేమీ లేదు, వదిలేస్తాం. ఖాళీ గడి మీద 'బొమ్మ కోసం నొక్కండి' అని తెలుగులో రాశాం. ఇంతకుముందు అక్కడ ఒక గుర్తు మాత్రమే ఉండేది, దాని అర్థం చాలామందికి తెలియలేదు.

విడుదల

ఎప్పుడు విడుదల చేయాలన్నది మా ప్రాంతాన్ని బట్టి నిర్ణయించాం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖని తాకినప్పుడు కరెంటు, ఫోన్ లైన్లు పోయి ఊరు ఊరంతా ఎలా ఉందో ఇక్కడున్నవాళ్లెవరూ మరచిపోరు. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే రోజుల్లోనే ఈ సెట్టింగ్ పనికొస్తుంది కాబట్టి ఆ నెలల్లో దాన్ని కదిలించకూడదనుకున్నాం. సంక్రాంతి దాటాక మొదలుపెట్టాం. ప్లే స్టోర్లో కొద్దిమందికి ముందు ఇచ్చి, చూసుకుంటూ పెంచుకుంటూ పోయాం.

డేటా సేవర్ ఆన్‌లో ఉన్న ప్రతివాళ్లకీ కొత్త వెర్షన్‌లో బొమ్మలు ఆపడం, వీడియోలు ఆపడం ఆన్‌లోనే ఉంచాం. ఎవరికీ ఏదీ మళ్లీ వెతుక్కోవాల్సిన పని పడలేదు. మొదటిసారి తెరిచినప్పుడు ఒక సందేశం: "ఇకపై మీ పేజీలు మా సర్వర్ మీదుగా రావు, నేరుగా వస్తాయి. బొమ్మలు మునుపటిలాగే నొక్కితేనే వస్తాయి. మార్చాలంటే ఇక్కడ నొక్కండి." జగదాంబ, డాబా గార్డెన్స్, గాజువాక మొబైల్ షాపులకి ఒక పేజీ కాగితం అచ్చు వేసి ఇచ్చాం. అంతమందికి ఆ స్విచ్ నేర్పింది వాళ్లే, కొత్త సంగతి కూడా వాళ్ల నోటి నుంచి వెళ్తేనే జనం నమ్ముతారు.

సర్వర్‌ని ఆపడం అన్నిటికంటే చివరి పని. యాప్‌ని అప్‌డేట్ చేయనివాళ్లు ఎప్పుడూ ఉంటారు, వాళ్ల పాత వెర్షన్ ఇంకా ప్రాక్సీనే వెతుకుతుంది. ప్రాక్సీ పలకకపోతే నేరుగా వెళ్లే ఏర్పాటు పాత కోడ్‌లో ఉంది. అది నిజంగా పనిచేస్తోందా అని తెల్లవారుజామున కాసేపు సర్వర్ ఆపి చూశాం, తర్వాత ఒక గంట, తర్వాత ఒక పూట. పేజీలు నేరుగా తెరుచుకుంటున్నాయని రూఢి అయ్యాకే పూర్తిగా తీసేశాం.

ప్లే స్టోర్లో ఒక స్టార్ రేటింగులు వచ్చాయి, ఎక్కువ భాగం మీటర్ పోయిందని. ప్రతిదానికీ తెలుగులో జవాబు రాశాం. నిజంగా నష్టపోయినవాళ్లు కూడా కొందరున్నారు. పాత హెచ్‌టీటీపీ సైట్లలో పెద్ద పెద్ద పేజీలు చదివే అలవాటున్నవాళ్లు, అందులోనూ ఏజెన్సీలో 2జీ మీద ఆధారపడ్డవాళ్లు. వాళ్లకి ప్రాక్సీ ఇప్పటికీ ఎంతోకొంత పనిచేసేది, దాని స్థానంలో మేం ఏమీ ఇవ్వలేకపోయాం. రాసినవాళ్లకి ఆ మాటే సూటిగా చెప్పాం. పేజీని ఫోన్లో దాచుకుని సిగ్నల్ లేనప్పుడు చదువుకునే సదుపాయాన్ని వాళ్ల కోసం మెరుగుపరుస్తున్నాం. అందులో తెలుగు ఫాంట్లు కూడా పేజీతో పాటు దాచాలా, ఫోన్లో ఉన్న ఫాంటే వాడాలా అన్నది ఈ వారం తేల్చాల్సి ఉంది.